కండెల సంగతి ముందు తేల్చుకో చెల్లె

మన వరంగల్ చెల్లె ఒకామె పెద్ద ఉత్తరమే రాసింది, పేరు పెట్టొద్దన్నది కాబట్టి పెడ్తలేను. ముఖ్యమైన ముచ్చట వరకు ఆమె మాటల్లనే ఇక్కడ ఇస్తున్న, కొంచెం కుదించిన.

"అక్కా, నాకు 25 ఏండ్లు. బీటెక్ అయినంక హైదరాబాద్‌ల టెస్టింగ్ జాబ్ చేస్తున్న, మూడేండ్లయింది. చేతికి 34 వేలొస్తయి, 15 వేలు ఇంటికి పంపుత, ఎడ్యుకేషన్ లోన్‌కు 6 వేలు ఈఎంఐ పోతది, అది ఇంక లక్షా 40 వేలున్నది. మా నాయిన భివండిల సాంచాలు (పవర్‌లూమ్‌లు) నడిపి నడిపి వాపస్ వచ్చి ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ కాడ వాచ్‌మన్. అమ్మ చిన్నప్పటి సంది మగ్గానికి దారం కండెలు చుట్టింది, నాకు జాబ్ వచ్చినంకనే బంద్ చేసింది. మా పెదనాయిన ఇంట్ల కొత్తవాడల మగ్గం ఉన్నది, శని ఆదివారాలు వచ్చి నేర్చుకుని మూడు చిన్న దరీలు (జంపఖానాలు) నేసిన, నేచురల్ రంగులతోని. ఆఫీసోళ్ళే ఒక్కోటి 1,800కు కొన్నరు, దారం రంగులు పోను ఒక్కోదానికి 1,200 మిగిలింది. ఇన్‌స్టాల పెడితే మస్తు మంది అడుగుతున్నరు. ఉగాదికి రిజైన్ చేసి ఇదే పని పెట్టుకుందామని ఉన్నది, 2 లక్షల 20 వేలు జమ చేసిన. అమ్మకు చెప్తే 'నేను కండెలు చుట్టి చుట్టి నిన్ను చదివిస్తే మళ్ళ అదే మగ్గం గుంటలకు దిగుతవా' అని ఒకటే ఏడుపు. ఆడపిల్లవు, మగ్గం నేస్తనంటే సంబంధాలెట్లొస్తయి అంటది. నువ్వేం నెయ్యకు అమ్మా, కండెలు చుట్టిస్తే చాలు, మిగతాదంత నేను చూసుకుంట అన్న. అప్పటి సంది సరిగ మాట్లాడ్తలేదు. వరంగల్ దరీలకు జీఐ, అంటే ఊరి పేరు మీద గుర్తింపు, కూడ వచ్చింది, ఫ్యూచర్ ఉన్నది అంటే వినదు. ఆమెను ఎట్ల ఒప్పించాలె? ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలె?"

చెల్లె, నీ ఉత్తరం చదువుతుంటే నాకు ఒక్క లైను కాడ ఆగబుద్ధయింది. కండెలు చుట్టిస్తే చాలు అన్న లైను. నువ్వు అది సముదాయించుడు కోసం అన్న మాట లెక్క రాసి ముందుకు పోయినవు గానీ అమ్మ మాట్లాడుడు బంద్ చేసింది ఆ మాటకే, గుంటలకు దిగుతవా అని ఏడ్చిననాడు కాదు, ఆనాడు ఆమె నీతోని కొట్లాడింది అంటే మాట్లాడుతనే ఉన్నది కదా. నీ జాబ్ వచ్చినంకనే ఆమె కండెలు బంద్ చేసిందని నువ్వే రాసినవు, అంటే ఆమె బతుకుల మొదటిసారి చెయ్యి ఖాళీగ పెట్టుకున్నది ఈ మూడేండ్లే, ఆ మూడేండ్ల సుఖం నీ జీతం మీద నిలబడి ఉన్నది. నువ్వు వచ్చి జీతం బంద్ చేస్త, నువ్వు మళ్ళ రాట్నం ముందల కూసో అన్నవు. నీ మనసుల అది లేదు, నాకు తెలుసు, కానీ ఆమె చెవుల పడ్డది అదే.

కాబట్టి అమ్మను ఎట్ల ఒప్పించాలె అనేదానికంటె ముందు ఈ పని చెయ్యి, ఈ శనివారం ఇంటికి పోయినప్పుడే చెయ్యి. అమ్మా, నేను ఈ పని పెట్టినా పెట్టకపోయినా నువ్వు కండె ముట్టేది లేదు, ఆ పనికి మనిషిని పెట్టుకుని కూలి ఇస్త, కూలి ఇయ్యనీకి నాకు తాకత్ లేకపోతే పనే పెట్ట, అని చెప్పు. ఈ మాట తోనే ఆమె ఒప్పుకుంటదని కాదు. ఆమె ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నువ్వు ఆమెకు బాకీ ఉన్న మాట ఇది.

నీ అమ్మ చేసిన పనికి ఎన్నడూ కూలి లెక్క లేదు, అది నువ్వు ఎరుకలో పెట్టుకోవాలె. మన పద్మశాలీల ఇండ్లల్ల మగ్గం మీద కూసున్నోళ్ళ పేరు మీద కూలి వస్తది, గజానికింత, చీరకింత అని. దారం తోడుడు, కండెలు చుట్టుడు, పడుగు (నిలువు దారాలు) చేసుడు, పోగులు అతుకుడు ఇవన్ని ఆ కూలిలనే కలిసిపోతయి, చేసేది ఇంట్లున్న ఆడోళ్ళు పిల్లలు, వాళ్ళకు విడిగ చేతికి రూపాయి రాదు. 2019-20ల చేసిన నాలుగో చేనేత సెన్సస్ ప్రకారం దేశం మొత్తం మీద ఈ పనిల ఉన్నోళ్ళు 35 లక్షల పైన, అందుల నూటికి 72 మంది ఆడోళ్ళే. అదే సెన్సస్‌ల ఇంకో ముచ్చట ఉన్నది, నేత కుటుంబాలల్ల మూడింట రెండొంతులకు నెలకు 5 వేల లోపే ఆమ్దానీ. నెలకు, ఇల్లు మొత్తానికి. మీ అమ్మ ఆ రిపోర్ట్ చూసి ఉండదు, చూడాల్సిన అవసరం కూడ లేదు, ఆమె ఆ ఇండ్లల్ల పుట్టి ఆ ఇంట్లకే కోడలిగ వచ్చింది. ఆజంజాహి బట్టల మిల్లు 1934ల నిజాం పెట్టించినప్పటి సంది వరంగల్‌ల ఎన్ని ఇండ్లు దాని సైరన్ మీద బతికినయో, అది మూతపడ్డంక ఎంతమంది రోడ్డు మీద పడ్డరో, మగ్గాల మీద పని దొరకక ఎన్ని కుటుంబాలు భివండి, సూరత్, షోలాపూర్ బండ్లెక్కినయో మన దిక్కు ఏ వాడకట్టుల అడిగినా చెప్తరు. సిరిసిల్లల ఒక టైమ్‌ల ఎంతమంది నేతన్నలు పానాలు తీసుకున్నరో నీకు చిన్నతనం కాబట్టి గుర్తుండదు, మీ అమ్మకు గుర్తుంటది. అట్లాంటి మనిషికి పోయి జీఐ వచ్చింది, ఫ్యూచర్ ఉన్నది అంటే ఏం వినపడతది చెప్పు.

జీఐ గురించి కూడ నువ్వు కొంచెం ఎక్కువే ఆశ పెట్టుకున్నవు అనిపించింది. వరంగల్ దరీలకు 2018ల వచ్చింది, నిజమే, మన ఊరికి అది గర్వమే, నాకూ గర్వమే. దానితోని ఏమొస్తది అంటే వేరే కాడ చేసింది తెచ్చి వరంగల్ దరీ అని అమ్మకుండ ఆపే హక్కు వస్తది. ఆ పేరు నువ్వు నీ సరుకు మీద వేసుకోవాలంటే నువ్వు కూడ అథరైజ్డ్ యూజర్‌గ రిజిస్టర్ చేసుకోవాలె, రిజిస్ట్రీ చెన్నైల ఉంటది, అప్లికేషన్ పెట్టుకోవచ్చు. కానీ ధర అది తేదు. 1985 చట్టం ప్రకారం జంపఖానా అనేది చేతిమగ్గానికే వదిలిపెట్టాల్సిన వాటిల్ల ఒకటి, పవర్‌లూమ్ మీద నెయ్యొద్దు, మరి చట్టం ఉన్నా గిరాకీ ఎటు పోయింది? వంద రూపాయల ప్లాస్టిక్ చాపకు పోయింది, మిషన్ మీద చేసిన పాలిస్టర్ కార్పెట్‌కు పోయింది. చానా ఏండ్లు కొత్తవాడ సొసైటీలు సర్కారు హాస్టళ్ళకు పోయే ఆర్డర్ల మీదనే నడుచుకుంట వచ్చినయి, ఆర్డర్ వచ్చిననాడు పని, రానినాడు చూసుకుంట కూసునుడు, బిల్లు ఎప్పుడొస్తదో అది వేరే కథ. నువ్వు పోయేది ఆ తొవ్వ కాదు, నేరుగ కొనేటోళ్ళకు అమ్ముతనంటున్నవు, అది మంచి ఆలోచనే, నేను కాదనను.

ఇక్కడ నా మాట సాఫ్‌గ చెప్త. ఏ పని చేసి బతకాల్నో తేల్చుకునే హక్కు నీది, 25 ఏండ్ల పిల్లవు, సంపాదించి ఇల్లు నడుపుతున్నదానివి, అందుల అమ్మ మాట ఆఖరి మాట కావాల్సిన పని లేదు. కానీ అమ్మ భయం అమ్మకే వదిలేసి పోయేది కాదు, ఆ భయం అనుభవం మీద నిలబడ్డది, దానికి జవాబు చెప్పాలె, జవాబు చెప్పాలంటే ముందు లెక్క నీకు రావాలె. నీ ఉత్తరంల లెక్క తప్పింది చెల్లె.

ఒక్కోదానికి 1,200 మిగిలింది అన్నవు కదా. 1,800ల దారం, రంగులు పోను మిగిలింది అన్నవు. ఒక్క దరీ నెయ్యనీకి నీకు ఎన్ని దినాలు పట్టింది, నువ్వు రాయలేదు గానీ శని ఆదివారాలు అంటున్నవు కాబట్టి కొత్తగ నేర్చుకున్న చేతికి తక్కువల తక్కువ రెండు దినాలు అనుకుందాం. దినానికి 600 కూలి వేసుకుంటే 1,200 అక్కడికే చెల్లిపోయింది, అది లాభం కాదు, నీ కూలి. ఇగ పడుగు ఎవరు చేసిచ్చిన్రు? పెదనాయిన చేసిచ్చి ఉంటడు, అది ఊకెనే. మగ్గం కిరాయి ఊకెనే. కండెలు ఎవరు చుట్టిన్రు, అది కూడ పెద్దమ్మనో ఎవరో ఊకెనే చుట్టి ఉంటరు. ప్యాకింగ్, కొరియర్ లేదు ఎందుకంటె ఆఫీస్‌కు బ్యాగ్‌ల పెట్టుకుని పోయినవు. ఇవన్నిటికి డబ్బులు కట్టి చూడు, నేను ఊహకు పెడుతున్న, దారం రంగులకు 600, నీ కూలి 1,200, పడుగు కండెల పనికి 150, కొరియర్‌కు 150, అక్కడికే 2,100 అయింది. నువ్వు 1,800కు అమ్మినవు. అంటే అన్నిటికి కట్టాల్సి వస్తే దరీకి 300 నువ్వే ఎదురియ్యాలె, అందుల 150 ఇప్పుడు మీ పెదనాయినోళ్ళ చెమటలకెళ్ళి వచ్చింది. నా నంబర్లు అటీటు ఉండొచ్చు, నీ కాడ బిల్లులుంటయి, అవి పెట్టుకుని నువ్వే కూసొని రాసుకో, కానీ ఏ ఒక్కరి పని కూడ సున్నా అని రాయకు.

ఇంకో తీరుగ చూడు. రెండు దినాలకొకటి అంటే నెలకు 24 పనిదినాలల్ల 12 దరీలు, అదీ నువ్వు ఒక్క పూట కూడ మగ్గం దిగకుంట ఉంటె. 12 ఇంటు 1,200 అంటే 14,400. నువ్వు ఇప్పుడు ఇంటికి పంపే 15 వేలు కూడ దానిల రాదు. మరి రంగులు ఎవరు ఉడికిస్తరు, ఫొటోలు ఎవరు తీస్తరు, ఇన్‌స్టాల అడిగినోళ్ళకు సైజు ఎంత, ధర ఎంత, వాషింగ్ మెషిన్‌ల వెయ్యొచ్చునా అని జవాబులెవరిస్తరు, పార్సల్ ఎవరు కడతరు. అడిగినోళ్ళందరు కొనరు, ధర చెప్పంగనే సగం మంది మాయమైతరు, అది కూడ లెక్కల పెట్టుకో. కాబట్టి ఒక్కదానివే ఒక్క మగ్గం మీద చిన్న దరీలు నేసి 1,800కు అమ్ముడు అనేది బతుకుదెరువు కాదు, ఇది మీ అమ్మకు లెక్కలు రాకపోయినా తెలుసు, అందుకే ఏడ్చింది.

అయితే తొవ్వ లేదా అంటే ఉన్నది, రెండు తీర్ల ఉన్నది. ఒకటి, ధర పెంచాలె, అదే దరీ 3,500కు పోవాలె, పోవాలంటే డిజైన్, రంగు, ఫినిషింగ్ ఆ తీరుగ ఉండాలె, అంచులు వంకర పోవద్దు, నాలుగు మూలలు నేల మీద సమంగ పడాలె, నీ చెయ్యి అక్కడికి రానీకి ఇంక టైమ్ పడతది. రెండోది, నువ్వు నేసుడు తక్కువ చేసి నీకంటె మంచిగ నేసేటోళ్ళతోని నేపించాలె, కొత్తవాడల చెయ్యి తిరిగిన పెద్దమనుషులు ఇంక ఉన్నరు, పని లేక కూసున్నరు. నువ్వు డిజైన్, రంగులు, అమ్ముడు చూసుకోవాలె, నువ్వు చదివిన చదువు కూడ అక్కడ అక్కెరకొస్తది. కానీ అట్ల చేస్తె నువ్వు షావుకారివి అయితవు, అది గుర్తు పెట్టుకో. మీ నాయినకు కూలి తక్కువ ఇచ్చినోని జాగల నువ్వు కూసుంటవు. ఆ దినం కూలి ఎంతిస్తవు, సరుకు అమ్ముడుపోకముందే ఇస్తవా పోయినంక ఇస్తవా, దాని మీదనే నువ్వు చేసే పని మంచిదా కాదా అనేది ఉంటది. నాకైతే నేచురల్ రంగుల కంటె, జీఐ కంటె ఇదే పెద్ద ముచ్చట అనిపిస్తది, దీని గురించి నీ ఉత్తరంల ఒక్క అక్షరం లేదు.

రంగుల ముచ్చట వచ్చింది కాబట్టి ఒకటి చెప్త. నేచురల్ అనంగనే కొనేటోళ్ళు మురుస్తరు, ఆరు నెలలకు ఎండ పడ్డ కాడ వెలిసిపోతే అదే మనిషి ఫొటో తీసి పెడతది. పసుపు రంగు ఎండకు ఆగదు, మోదుగపూల రంగు చూడనీకి ఎంత మంచిగ ఉన్నా అదీ నమ్మేది కాదు. నీలిమందు ఆగుతది, పటికతోని సక్కగ పట్టిస్తె మంజిష్ఠ ఎరుపు ఆగుతది, కరక్కాయతోని ఇనుప నీళ్ళు కలిపిన నలుపు ఆగుతది. దరీ అంటే నేల మీద పరిచేది, కిటికీ కాడ పరుస్తరు, తొక్కుతరు. నువ్వు అద్దిన ప్రతి రంగుది ఒక ముక్క తీసుకుని సగం అట్టతోని కప్పి సగం డాబా మీద ఎండకు పెట్టు, ఈ ఎండాకాలం మొత్తం ఉండనియ్యి, తీసి చూసినప్పుడు రెండు సగాలు ఒక్క తీరుగ ఉన్న రంగులే అమ్ము. మిగిలినవి ఎంత ముద్దొచ్చినా వదిలెయ్యి.

ఇగ చింతకింది మల్లేశం గారి గురించి నీకు తెల్వకుంట ఉండదు, ఆలేరు దగ్గర శారాజిపేటాయన, 2017ల పద్మశ్రీ వచ్చింది. హైదరాబాద్ నుంచి నువ్వు వచ్చే రైలు ఆలేరు మీదికెళ్ళే వస్తది. వాళ్ళమ్మ లక్ష్మి గారు ఆసు పోసేది, అంటే నేసే ముందు దారాన్ని చేతితోని మేకుల చుట్టు తిప్పేది, ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటీటు తిప్పాలె, రెక్క నొస్తుందిరా అని ఏడిస్తె చూడలేక ఆయన ఏండ్లకేండ్లు కొట్లాడి 1999ల ఆసు మిషన్ చేసిండు, దానికి వాళ్ళమ్మ పేరే పెట్టిండు. అందరు ఆ కథను పట్టుదల గురించి చెప్తరు. నేను నీకు వేరే దానికోసం చెప్తున్న. ఆయన కూడ నేత పని కోసమే కొట్లాడిండు, కానీ మొదలు పెట్టింది అమ్మ రెక్క నొప్పి కాడ. నువ్వు మొదలు పెట్టింది ఇన్‌స్టా కాడ. ఇది తిట్టు కాదు చెల్లె, ఇష్టం తోని మొదలు పెట్టుడు తప్పేం కాదు, నీ ఉత్తరంల దరీ గురించి రాసిన కాడల్ల ఎంత సంబరం ఉన్నదో నాకు కనపడ్డది, కానీ మీ ఇంట్ల ఈ పని ఒక మనిషి ఒంటి మీద గుర్తులు పెట్టి పోయింది, దాన్ని దాటుకుని నువ్వు పోలేవు. ఈసారి పోయినప్పుడు దరీ ముచ్చట తియ్యకుంట, ఫ్యూచర్ ముచ్చట తియ్యకుంట, అమ్మా నువ్వు ఎన్నేండ్లకు కండెలు మొదలు పెట్టినవు, దినానికి ఎన్ని చుట్టేది, ఎంత ఇచ్చేటోళ్ళు, ఎవరి చేతికి ఇచ్చేటోళ్ళు అని అడుగు. ఒప్పించుడు కోసం అడగకు, తెలుసుకోనీకి అడుగు, ఆమె చెప్పినంత సేపు విను, మధ్యల నీ ప్లాన్ జొప్పియ్యకు. చిన్నమ్మలు మేనత్తలు ఉన్నప్పుడు అస్సలు తియ్యకు ఈ ముచ్చట, నలుగుట్ల అడిగితే ఏ తల్లి అయినా నలుగురికి నచ్చే జవాబే చెప్తది.

పైసల ముచ్చటకొద్దాం. నువ్వు ఉగాదికి రిజైన్ చేస్తే నెలకు ఇంటికి 15, ఈఎంఐ 6, మొత్తం 21 వేలు. నీ కాడున్న 2 లక్షల 20 వేలు దానికే పోతె పది నెలలొస్తయి, దారానికి రూపాయి ఉండదు. షాపులల్ల పెడితే రెండు మూడు నెలల తర్వాత డబ్బులిస్తరు, ఎగ్జిబిషన్ స్టాల్‌కు ముందే కట్టాలె. వానాకాలంల రంగులు ఆరవు. అంటే నీ చెయ్యి ఇంక తిరగకముందే సంచి ఖాళీ అయితది, అప్పుడు మళ్ళ జాబ్ వెతుక్కోవాలె, గ్యాప్ ఎందుకొచ్చిందని అడుగుతరు, ఇంట్ల నేను చెప్పలేదా అంటరు. అందుకని ఉగాదికి రిజైన్ వద్దు. ఇది నా గట్టి మాట.

దానికి బదులు వరంగల్‌కు రా. మీ కంపెనీల వర్క్ ఫ్రమ్ హోమ్ అడుగు, ఇయ్యకపోతే మడికొండ ఐటీ పార్క్‌ల చూడు, ఇప్పుడు మన కాడ కూడ కంపెనీలున్నయి, జీతం రెండు వేలు తక్కువైనా పర్వాలేదు, హైదరాబాద్‌ల హాస్టల్‌కు, తిండికి, తిరుగుడుకు పెట్టేది మిగులుతది. ఆ మిగిలిన దాన్ని మొత్తం లోన్‌కు కట్టు, నెలకు 6 బదులు 15 వేల దాక కడితే పది నెలలు అటీటు లోన్ తీరిపోతది, ఆ 2 లక్షల 20 వేలు ముట్టకుంటనే. పొద్దుమాపు మగ్గం నడిచి పోయేంత దూరంల ఉంటది, వారానికి రెండు దినాల నేర్చుకునుడు కాస్త ప్రతి మాపు అయితది, చెయ్యి తొందరగ తిరుగుతది. పెదనాయినకు మగ్గం కిరాయి అని నెలకు ఎంతో కొంత ఇయ్యి, వద్దంటడు, అయినా ఇయ్యి, నీ లెక్కల అది పడాలె. అమ్మకు కూడ కండ్ల ముందల ఉంటవు, నువ్వు ఆకలితోని గుంటల కూసున్నట్టు ఆమె ఊహించుకునుడు తగ్గుతది, జీతం వస్తున్నది, లోన్ తీరుతున్నది, సాయంత్రం మగ్గం మీద ఉంటున్నది అని చూస్తది.

కాయితాల పనులు కూడ ఈ లోపల చేసుకో. కొన్నాళ్ళు నిజంగ నేసినంక చేనేత జౌళి శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీస్‌ల నేత కార్మికుల గుర్తింపు కార్డు గురించి అడుగు, అది ఉంటె చిలపల నూలు (కట్టలుగ వచ్చే మగ్గం దారం) మీద 15 శాతం సబ్సిడీ, వీవర్ ముద్రా లోన్ 6 శాతం వడ్డీకి, ఇట్లాంటివాటికి తొవ్వ దొరుకుతది. లోన్ మాత్రం ఆర్డర్లు చేతిల ఉన్నప్పుడే తీసుకో, ఊరికే ఇస్తున్నరని కాదు. చదువు లాగ నేర్చుకుందామంటె హైదరాబాద్‌ల 2024ల కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు మీద హ్యాండ్లూమ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది, అంతకుముందు మన పిల్లలు వెంకటగిరికి పోయేది, అక్కడ మూడేండ్ల డిప్లొమా చెప్తరు, నీకు అంత కోర్సు అవసరమా అంటె నాకు అనిపియ్యదు, కానీ రంగుల మీద, డిజైన్ మీద చిన్న ట్రైనింగ్‌లేమన్న ఉన్నయా పోయి కనుక్కుంటె పోయేదేం లేదు.

సంబంధాల గురించి ఎక్కువ రాయ. మగ్గం నేసే పిల్ల వద్దు అనే ఇంటికి నువ్వు పోకపోవుడే మంచిది, ఆ ఇంట్ల నీ 34 వేల జీతం కోసమే చూస్తున్నరు అన్నట్టు. ఇది అమ్మతోని వాదన పెట్టుకోవాల్సిన ముచ్చట కాదు, ఆమె ఆ మాట అన్నప్పుడు ఊకో.

ఆఖరికి, ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలె అని అడిగినవు. లోన్ తీరినంక, వరుసగ ఆరు నెలలు నీ దరీల మీద అందరి కూలి పోను ఇంటికి పంపే 15 వేలు వచ్చినయి అని నీ పుస్తకంల కనపడ్డంక, ఇంకో ఆరు నెలల ఖర్చు విడిగ బ్యాంక్‌ల ఉన్నంక, అప్పుడు కూడ అమ్మ వద్దంటె, రిజైన్ చెయ్యి చెల్లె, పోయి పని పెట్టుకో. అప్పటికి ఆమె భయానికి నువ్వు చెప్పగలిగిన జవాబంత చెప్పినట్టు, మిగిలింది ఆమె దుఃఖం, అది వాదిస్తె పోయేది కాదు, ఏడాది పట్టొచ్చు రెండేండ్లు పట్టొచ్చు, అసలు పోకపోవచ్చు కూడ. ఆమె ముందల దరీల పొగడ్తలు చదివి వినిపించకు, ఫలానామె కొన్నది చూడు అని ఫోన్ చూపెట్టకు. నెల మొదటి తారీఖు నాడు 15 వేలు ఆమె చేతిల పెట్టు, మాపటికి ఇంటికి పోయి ఆమెతోని కలిసి తిను. ఒకవేళ ఆరు నెలల లెక్కల ఆ 15 వేలు రాకపోతే మాత్రం జాబ్ చేసుకుంటనే నెయ్యి, సాయంత్రాలు నేసినా దరీ దరీనే, ఆ పని నీ నుంచి ఎవరూ గుంజుకోరు. అప్పుడు అయితే మళ్ళ రాయి, పుస్తకంల ఉన్న నంబర్లు రాసి పంపు, కలిసి చూద్దాం.